పూత కింద పేరు

రూబెన్ ఆస్క్యూ తన జీవితంలో ఎన్ని పడవలకు రంగు వేశాడో ఎవరూ లెక్కపెట్టలేదు. బ్రాన్‌స్టన్ దగ్గర రెండు కాలువలు కలిసే మలుపులో, తారు పొగకు నల్లబడిన ఒక రేకుల షెడ్డులో అతని యౌవనమూ నడివయసూ గడిచిపోయాయి. ఆక్స్‌ఫర్డ్ దాకా బొగ్గు మోసే పడవలలో సగం పడవల తలుపుల మీద పూసినవి అతని గులాబీలు, నిలబడినవి అతని కోటలు. సరంగుల పేర్లు, వాళ్ల భార్యలు నీళ్ల డబ్బాల మీద ముచ్చటపడి రాయించుకున్న పేర్లు, చచ్చిపోయిన కంచరగాడిదల పేర్లు కూడా అతని కుంచె నుంచే వచ్చాయి. అతని సొంత పేరు మాత్రం ఏ పడవ మీదా లేదు. రంగులవాడు తన పని మీద తన గుర్తు వేసుకోవడం ఆ కాలువ మీద మర్యాదగా చెల్లేది కాదు.

"లోకంలో అందరి పేర్లూ రాస్తావు. నీ పేరు రాసుకోడానికి చెక్కముక్క లేదు కదరా నీకు," అనేవాడు అన్న అబెల్, షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ.

"నీ పడవ మీద ఉన్నదాంట్లో ముప్పాతిక నా పేరే," అనేవాడు రూబెన్.

అది నిజమే. 'స్పీడ్‌వెల్' అనే ఆ పడవ వాళ్ల నాన్న నుంచి అబెల్‌కు వచ్చింది. కంపెనీల పడవలు నడిపి కూలి తీసుకునే సరంగులు వందలమంది ఉండగా, సొంత పడవ, గట్టు మీద నడుస్తూ దాన్ని లాగే సొంత కంచరగాడిద ఉన్న కుటుంబాలు ఆ కాలువ మీద వేళ్ల మీద లెక్కపెట్టవలసినన్నే ఉండేవి. అటువంటివాళ్ల పేరు పడవ వెనుక భాగాన, కాపురముండే గది పక్క చెక్కల మీద, రెండువైపులా పెద్ద అక్షరాలతో ఉండేది. చదువు ఆ ఇంట ఎవరికీ రాదు. రూబెన్‌కు కూడా అక్షరాల ఆకారాలు తెలుసు తప్ప అవి పలికే ధ్వనులు పూర్తిగా తెలియవు. అన్నదమ్ములిద్దరూ ఆ పేరును బొమ్మలాగానే గుర్తుపట్టేవారు. ముందు ఇంగ్లీషు 'A' ఆకారంలో ఒక గుడారం, దాని పక్కన చుక్క, మళ్లీ ఇంకో గుడారం, దాని వెనుక ఒక పాము, ఆ తరువాత తక్కినవి. మొదటి గుడారం అబెల్‌ది. రెండో గుడారం నుంచి చివరిదాకా ఇంటిపేరు, అది ఇద్దరిదీ.

రూబెన్ ఆ పడవలోనే పుట్టాడు. పాలపళ్లు ఊడని వయసులో, నీటిమట్టం మార్చి పడవలను ఎత్తి దించే లాకు గోడకూ పడవకూ మధ్య అతని కాలు నలిగింది. ఆ వేళ చుక్కాని అబెల్ చేతిలో ఉంది. అబెల్ కూడా అప్పటికి పిల్లవాడే. ఆ సంగతి అన్నదమ్ములు చాలా ఏళ్లదాకా ఒక్కసారీ మాట్లాడుకోలేదు. కుంటికాలుతో లాకు తలుపులు తోయడం కుదరదు కనుక నాన్న అతణ్ణి షెడ్డులో రంగులు వేసే హోసియా ముసలాయన దగ్గర దింపి, బొగ్గు ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు. పడవ మలుపు తిరిగేదాకా రూబెన్ దాని వెనుక పక్కనున్న తెల్లని అక్షరాలనే చూస్తూ నిలబడ్డాడు. ఆనాటి నుంచి అతను గట్టు మీద మనిషి. పడవలవాళ్లు ఆ మాటను కొంచెం జాలితో, కొంచెం వెక్కిరింపుతో అంటారు.

హోసియా మాటలు తక్కువ మనిషి. "ముందు చీకటి వెయ్యి. పువ్వు దాని మీదికి దానంతటదే వస్తుంది," అని మాత్రం నేర్పాడు. ముదురు రంగు గుండ్రంగా అద్ది, అది ఆరాక ఒక్కొక్క రేకును ఒక్కొక్క విసురులో వేయాలి. వేసిన రేకును దిద్దబోతే పువ్వు చచ్చిపోతుంది. పడవ కూడా ఆగదు. సరుకు ఎక్కించుకునే వంతు పోతే ఆ వారం తిండి పోయినట్టే. అందుకే రూబెన్ చేతికి తొందరా పొందికా కలిసి అలవడ్డాయి. నాన్న పోయిన ఏడాది ఆ చేతితోనే అతను తన మొదటి అక్షరాలు రాశాడు. నాన్న పేరుకు ముందు గుడారం లేదు, కొక్కెం ఉండేది. ఆ కొక్కేన్ని, ఆ పేరునంతా పచ్చరంగుతో కప్పి, ఆరాక దాని మీద, ఆ గీతల వెంటే అన్న పేరు రాశాడు.

కప్పడం ఆచారం ప్రకారమే జరిగింది. పడవలవాళ్లలో చనిపోయినవాడి పేరును గీకరు, దాని మీద రంగు వేస్తారు. పేరు ఆ పూత కింద పడవతోపాటే ఉంటుంది, సమాధిలో ఉన్నట్టు. బతికుండగా పడవ వదులుకునేవాడి పేరును మాత్రం ఎన్నడూ కప్పరు. చెక్క కనిపించేదాకా గీకి, ఆ పెచ్చులను ఆ పడవ పొయ్యిలోనే వేసి, ఆ మంట మీద టీ కాచి, ఉన్నవాళ్లంతా తాగుతారు. తాగినవాళ్లందరిలో ఆ పేరు బతికి ఉంటుందని నమ్మకం. అటు తరువాతే మనిషి పడవ దిగాలి. ఎవరైనా బతికున్నవాడి పేరు మీద రంగు వేస్తే, వాణ్ణి సజీవంగా పూడ్చినట్టే.

నడివయసులోనే అబెల్ ఊపిరితిత్తులు బొగ్గుతో నిండిపోయాయి. లారీలు వచ్చాక సొంత పడవలవాళ్లకు సరుకు దొరకడం కష్టమైంది. దగ్గు వచ్చినప్పుడు అతను చుక్కాని వదిలి గది కప్పును రెండు చేతులతో పట్టుకునేవాడు. అతని భార్య కెజయా కంచరగాడిదను ఆపి, పరుగున వచ్చి చుక్కాని అందుకునేది. ఆ ఏడాది ఆకురాలే కాలంలో వాళ్లు పడవను ఒక కంపెనీకి అమ్మారు. అమ్మకం పత్రంలో పడవ పొడవు ఉంది, తాళ్లు ఉన్నాయి, టార్పాలిన్లు ఉన్నాయి, కంచరగాడిద వయసు కూడా ఉంది. పేరు సంగతి లేదు. పత్రంలో ప్రత్యేకంగా మినహాయించనిదంతా కొనుక్కున్నవాడికే చెందుతుందని చట్టం తేలికగా తేల్చేస్తుంది. ఒక మనిషి పేరు చెక్కకు అంటుకుని ఉన్నంతమాత్రాన చెక్కతోపాటు చేతులు మారుతుందా అని ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు వేలిముద్ర వేసి, దగ్గుతూ బయటికి వచ్చేశాడు.

కంపెనీ రంగులు వేయించడానికి స్పీడ్‌వెల్‌ను షెడ్డుకే తెచ్చారు. తెచ్చింది అబెలే, అదే అతని చివరి ప్రయాణం. పడవను లోపలికి లాగి, నీళ్లు తోడేసి, దిమ్మెల మీద నిలబెట్టారు. అబెల్ తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు.

"పూలు పోతే పోనీ. కోటలు పోనీ. కంపెనీవాళ్లకి అవి అక్కర్లేదంట. పేరు మాత్రం నువ్వే గీకాలిరా. వేరేవాడి చెయ్యి పడకూడదు."

"నేను గీకక ఇంకెవరు గీకుతారు అన్నా?"

"చెక్క కనపడాలి."

"కనపడుద్ది."

"గీకిన పెచ్చులు డబ్బాలో తే. మేం శనివారం దిగుతాం. దిగేముందు మీ వదిన టీ పెడుతుంది." ఒక్క క్షణం ఆగి, "నాకు పేరు కాళ్లకి కట్టుకుని గట్టు మీద నడవడం చేతకాదురా," అన్నాడు.

రూబెన్ నవ్వబోయి మానుకున్నాడు. అన్న హాస్యానికి అనలేదు.

షెడ్డు మేనేజరు పార్జిటర్ చెడ్డవాడు కాదు, అయితే ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. గీకడాలు కాల్చడాలు ఏమీ వద్దనీ, ఉన్నదాని మీద రెండు పూతలు వేసి కంపెనీ పేరు రాసి పంపమనీ, వెనుక ఇంకో పడవ వేచి ఉందనీ చెప్పాడు. రూబెన్ తల ఊపాడు. సాయంత్రం అందరూ వెళ్లాక గీకుదామనుకున్నాడు. ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు. ఈ కథలో పార్జిటర్ మాటను నేరంగా చూపి రూబెన్‌ను తప్పించడం తేలికే గానీ, అది న్యాయం కాదు.

ఆ సాయంత్రం అతను గీకుడు బిళ్లను సానబెట్టి, గది పక్కన పెట్టె మీద కూర్చున్నాడు. మొదటి గుడారం కొనమీద బిళ్ల ఆనించాడు. పచ్చరంగు పెచ్చు ఒకటి లేచింది. దాని కింద, వెనుకటి తెలుపులో, కొక్కెం వంపు కనిపించింది. నాన్న పేరు. తనను ఈ గట్టు మీద దింపి వెళ్లిపోతున్నప్పుడు తాను మలుపుదాకా చూస్తూ నిలబడిన ఆ అక్షరం. అబెల్ పేరును చెక్కదాకా గీకితే దాని కింద నిద్రపోతున్న నాన్న పేరు కూడా పోతుంది. చనిపోయినవాడి పేరును గీకకూడదు, బతికున్నవాడి పేరును కప్పకూడదు. రెండు పేర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఏం చేయాలో ఆచారం చెప్పలేదు. లేదా చెప్పిందేమో; పడవల్లో పెరిగినవాడికి తెలిసుండేది. తాను గట్టు మీద పెరిగాడు.

వెళ్లి అన్నను అడగవచ్చు. అడగలేదు. అడిగితే అబెల్ "గీకు" అంటాడని అతనికి తెలుసు.

లేచిన పెచ్చును మళ్లీ దాని చోట అతికించి, అడుగు పూత వేశాడు. మర్నాడు కంపెనీవాళ్ల బూడిదరంగు వేశాడు, దాని మీద కంపెనీ పేరు రాశాడు. శుక్రవారం సాయంత్రం, షెడ్డు వెనుక బురదలో కుళ్లుతున్న ఒక పాత పడవ చెక్క నుంచి తెలుపూ పచ్చా కలిసిన పెచ్చులు గీకి డబ్బా నింపాడు.

శనివారం కెజయా గదిలో పొయ్యి వెలిగించింది. కంపెనీవాళ్లు లోపల ముట్టుకోవద్దన్నారు కనుక రూబెన్ వేసిన కోట బొమ్మ ఇంకా బల్లపలక మీద ఉంది. చుట్టూ ఇత్తడి గుబ్బలు, అల్లిన తెరలు, అంచుల్లో జాలీ ఉన్న పళ్లేలు మూట కట్టేయగా గోడలు బోసిగా ఉన్నాయి. అబెల్ డబ్బా అందుకుని, వేలితో పెచ్చులను కలియబెట్టి చూశాడు.

"నా పేరు ఇంత తేలికా," అన్నాడు.

"నువ్వు మోసేవాడివి గనక బరువనిపించింది," అంది కెజయా.

అతను పెచ్చులను గుప్పెడు గుప్పెడుగా పొయ్యిలో వేశాడు. సీసపు రంగు ఘాటుగా మండి కళ్లు చెమ్మగిల్లాయి. కెటిల్ మరిగింది. కెజయా డబ్బాపాలు పోసి మూడు కప్పుల్లో టీ ఇచ్చింది. అబెల్ కళ్లు మూసుకుని నెమ్మదిగా తాగాడు. రూబెన్ ఒక్క గుక్కలో తాగేశాడు; నాలుక కాలింది.

"ఏంటి మరిదీ, నీ పేరేదో కరిగిపోయినట్టు అంత తొందర?" అంది వదిన.

"వేరే పడవ ఉంది వదినా."

"నీకెప్పుడూ ఇంకో పడవ ఉంటది."

అబెల్ కప్పు బోర్లించి, తేలికపడ్డ మనిషిలా దిగాడు. దిగేముందు చుక్కానిని తడమలేదు, వెనక్కు తిరిగి చూడలేదు. తాగినవాడు చూడనక్కర్లేదు.

వాళ్లు కాలువ ఒడ్డునే, లాకు దగ్గర ఒక పాత ఇంట్లో అద్దెకు దిగారు. కదలని గోడల మధ్య అబెల్‌కు మొదట్లో నిద్ర పట్టలేదు. నిలబడి ఉన్న ఇల్లు ఎక్కడికో పోతున్నట్టు కల వచ్చేది. అయినా ఆ చలికాలమంతా అతను ఎవరూ ఎరగనంత శాంతంగా ఉన్నాడు. వచ్చేపోయే పడవలవాళ్లను కిటికీలోంచి ఆటపట్టించేవాడు. స్పీడ్‌వెల్‌ను ఇప్పుడు జోబ్, అతని భార్య సబైనా నడుపుతున్నారు. అది వెళ్తుంటే, "మెల్లగా జోబూ, అది నీ అత్తగారు కాదు, తోసుకుపోడానికి," అని అరిచేవాడు. రూబెన్ ఆదివారాలు పందిమాంసం ముక్క తీసుకుని వచ్చేవాడు. అన్న నవ్వు విన్నప్పుడల్లా తాను చేసింది అంత తప్పేమీ కాదనుకునేవాడు. ఆ అనుకోవడమే ఒక పూత అయింది.

రంగు ఆరుతూ ఆరుతూ కిందికి కుంగుతుంది. కొత్త పూత పలచనై, కింది అక్షరాల అంచులు గట్లలా పైకి తేలతాయి. ఏటవాలు వెలుగు పడినప్పుడే అవి కనిపిస్తాయి. ఆ సంగతి రూబెన్‌కు తెలియనిది కాదు.

వసంతం మొదట్లో, ఒక సాయంత్రం, అబెల్ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉండగా స్పీడ్‌వెల్ లాకు వంతుకోసం సరిగ్గా అతని ఎదురుగా ఆగింది. పొద్దు కాలువ మీదికి వాలింది. బూడిదరంగు కింద ఒక గుడారం నీడ లేచింది. పక్కనే ఇంకోటి. దాని వెనుక పాము.

అబెల్ లేచి, గట్టు దాకా నడిచి, ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. సబైనా గది మెట్టు మీద నుంచి చూసింది. అతని వేలు అక్షరం అంచు వెంట పైకి పోయి, కిందికి దిగిందట. లాకు తలుపులు తెరుచుకున్నాక, "వెళ్లండమ్మా," అన్నాడట.

ఆదివారం రూబెన్ వచ్చేసరికి అబెల్ మంచంలో ఉన్నాడు. కెజయా మరిది ముఖం చూడకుండా మాంసం అందుకుంది.

"రూబెన్," అన్నాడు అబెల్, "మనం ఎవరి పేరు తాగాంరా?"

రూబెన్ కుర్చీ వెనుక నిలబడిపోయాడు.

"అడుగుతున్నాను. దిగిన ఆ శనివారం ముగ్గురం కూర్చుని తాగాం. ఎవరిదది?"

"ఎవరిదీ కాదన్నా. షెడ్డు వెనకాల పాత చెక్క."

"ఎవరిదీ కాదు." అబెల్ ఆ మాటను కాసేపు నోట్లో పెట్టుకున్నాడు. "చలికాలమంతా హాయిగా నిద్రపోయా. పూడ్చినోడు నిద్రపోతాడు కదా మరి."

"దానికింద నాన్న పేరుందన్నా. గీకితే అదీ పోద్ది. నాకు చెయ్యి రాలేదు."

"నాకు తెలీదనుకున్నావా?" దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. "నాన్న దాని కింద ఉన్నాడని తెలిసే గీకమన్నా. ఇద్దరం కలిసి దిగిపోదామనుకున్నా. ఆయన్ని కంపెనీ బొగ్గు కింద వదిలేసి నేనొక్కణ్ణే ఎలా దిగుతా? నువ్వు ఆయనకు నన్ను కూడా తోడు పెట్టేశావు." 

"అన్నా—"

"నీ కాలు నలిగినప్పుడు కూడా అనుకోకుండానే జరిగింది. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. ఇది అట్టాంటిది కాదు. డబ్బా నింపుకొచ్చి నా చేతికిచ్చావు." 

ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీధి గుమ్మం దాకా వచ్చిన కెజయా మాత్రం, "ఇంకా టైముంది. ఎక్కువ లేదు," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే రూబెన్‌కు కొంత తేలిక అయ్యేది.

సోమవారం అతను పార్జిటర్ గదికి వెళ్లి, స్పీడ్‌వెల్‌ను మళ్లీ లోపలికి తీసుకోవాలని అడిగాడు.

"ఎందుకు? రంగు పోయిందా?"

"లేదయ్యా. కింద పేరు గీకాలి."

"కనపడని పేరు గీకడానికి నడిచే పడవ ఆపమంటావా? అది కంపెనీ ఆస్తి రూబెన్. మీ అన్నది కాదిప్పుడు, నీది అసలే కాదు."

"పడవ వాళ్లదే అయ్యా. నేనడిగేది పేరు."

పార్జిటర్ నిట్టూర్చి, మూడేళ్లకో నాలుగేళ్లకో మామూలుగా రంగుకు వచ్చినప్పుడు చూద్దామన్నాడు. ఆ మాటలో కఠినత్వం లేదు. అబెల్‌కు మూడేళ్లు లేవన్న ఊహ కూడా అందులో లేదు.

కాలువ మీద కబురు పడవకన్నా ముందు నడుస్తుంది. హిల్‌మోర్టన్ దగ్గర లాకు తలుపు విరిగి పడవలన్నీ నిలిచిపోయాయనీ, వాటిలో స్పీడ్‌వెల్ ఉందనీ ఆ వారంలోనే తెలిసింది. రూబెన్ గీకుడు బిళ్ల, సాన, ఖాళీ డబ్బా కోటు జేబుల్లో వేసుకుని, అటు పోయే ఒక బొగ్గు పడవ ఎక్కాడు. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు.

సబైనా గది కప్పు తుడుస్తూ కనిపించింది. అతను విషయం చెప్పాడు. ఆమె విని, గుడ్డ పిండింది.

"చెక్క బయటపడ్డ పడవ నడుపుతుంటే మమ్మల్ని ఊరుకుంటారా బాబాయ్? పనిలోంచి తీసేస్తే మేం దిగాల్సిందే. ఇల్లూ ఇదే, పనీ ఇదే."

"నేను చేశానని చెప్పండి. అడగనీ, నేనే చెప్తాను."

"చెప్తావులే. చెప్పడంలో నీ గొప్ప మీ అన్న దగ్గరే చూశాంగా." ఆమె మాట పదునుగా ఉంది గానీ, చూపు లోపలి గదివైపు మళ్లింది. "ఆయన ఆ రోజు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచి నేను అటువైపు తలపెట్టి పడుకోలేకపోతున్నా. గీకు. ఏడిస్తే ఏడవనీ కంపెనీవాళ్లు."

జోబ్ బల్ల కింద పడుకుని రూబెన్‌కు పక్క మంచం ఇచ్చాడు. తెల్లవారి మంచు విడిపోగానే రూబెన్ పని మొదలుపెట్టాడు. గట్టువైపు పక్క అయ్యాక, జోబ్ గెడతో పడవను అవతలి ఒడ్డుకు తోశాడు; రూబెన్ విరగకుండా మిగిలిన లాకు తలుపు మీదుగా కుంటుతూ దాటి, రెండోవైపు అందుకున్నాడు. బూడిదరంగు లేచింది, పచ్చ లేచింది. గుడారాలు లేచాయి. కొక్కెం కనిపించింది. ఈసారి చెయ్యి ఆగలేదు. నాన్న తెలుపు ఎండి పొడిలా రాలింది; కింద ఓక్ చెక్క, అప్పుడే చెక్కినట్టు లేతగా బయటపడింది. డబ్బా నిండి పైకి పొంగింది. సబైనా తన టీ డబ్బాను ఖాళీ చేసి ఇచ్చింది.

పాలబండి ఒకటి బ్రాన్‌స్టన్ వైపు పోతుంటే ఎక్కాడు. దారిలో రెండు డబ్బాలనూ ఒళ్లో పెట్టుకుని, అన్న ఏమంటాడో ఊహించుకున్నాడు. పడవ పొయ్యి కాదు కదా, ఇంటి పొయ్యి అని వంకపెడతాడేమో. పెడితే పెట్టనీ, సబైనా చేత పడవ పొయ్యిలోనే కాల్పించి టీ తెప్పిస్తాను, అనుకున్నాడు.

ఇంటి కిటికీ తెర వేసి ఉంది. వంటగదిలో కెజయా ఒక్కతే, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బల్ల మీద అబెల్ టోపీ.

"పొద్దున్నే పోయాడు. ఇంకా వెలుగు రాకముందు," అంది.

రూబెన్ డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఆమె మూత తీసి చూసింది. వేళ్లతో తాకి, నిజమైనదో కాదో చూసింది. ఒక పెచ్చు వెనుక కొక్కెం వంపు కనబడినప్పుడు ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"ఎప్పుడు గీకావు?"

"ఈ పొద్దున, మంచు విడిపోయాక."

ఆమె ఆ పెచ్చును తిరిగి డబ్బాలో వేసింది.

"బతికుండగా కప్పావు," అంది. "పోయాక గీకావు."

అతను గోడకు ఆనుకున్నాడు. ఆ ఉదయం వెలుగు వచ్చేసరికి అతని అన్న చనిపోయినవాడయ్యాడు. చనిపోయినవాడి పేరు పూత కింద పడవతోపాటు ఉండాలి. ఉండనే ఉంది, తాను వెళ్లేదాకా. తప్పు చేసి పెట్టిన చోటే అది చివరికి ఒప్పుగా మారింది. ఆ ఒప్పును అతను తెల్లవారి కూర్చుని, సానబెట్టిన బిళ్లతో, చెక్క కనపడేదాకా గీకేశాడు.

"కెటిల్ పెట్టు వదినా," అన్నాడు, అది కుదరదని తెలిసే.

"దేనికి? పోయినవాడి పేరు తాగకూడదు." ఆమె మూతలు బిగించి డబ్బాలను అతనివైపు జరిపింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వే ఉంచుకో. మొదటి గుడారం ఆయనది. కొక్కెం మీ నాన్నది. మిగతాదంతా నీ పేరే కదా. ఆయనెప్పుడూ అనేవాడు, నీకు చెక్కముక్క లేదని."

అబెల్‌ను పడవ మీదే శ్మశానానికి తీసుకువెళ్లారు. స్పీడ్‌వెల్ అప్పటికింకా హిల్‌మోర్టన్ దగ్గరే ఆగి ఉంది. వేరేవాళ్ల పడవ మీద వెళ్లాడు.

లాకు బాగయ్యాక కంపెనీ కబురు పంపి పడవను షెడ్డుకు తోలించింది. పార్జిటర్ ఆ బోడి చెక్కలను చూసి, రూబెన్‌ను చూసి, తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అక్షరాలు రాయగలవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. "శనివారానికి కావాలి," అని మాత్రం అన్నాడు.

రూబెన్ చెక్కను సానకాగితంతో రుద్దాడు. నూనె పట్టించాడు. అడుగు పూత వేసి, బూడిదరంగు రెండుసార్లు వేసి, కంపెనీ పేరు రాశాడు. ఆరాక, షెడ్డు తలుపుల్లోంచి పొద్దువాలుతున్న వెలుగు ఏటవాలుగా లోపలికి వచ్చినప్పుడు, దగ్గరికి వెళ్లి కంపెనీ అక్షరాల పక్కన, గుడారం ఉండవలసిన చోట అరచెయ్యి ఆనించాడు. పైకి పోనిచ్చాడు, కిందికి దించాడు. చాలా నునుపుగా ఉంది. అంత మంచి పని అతను ఎన్నడూ చేయలేదు.